ఆకులోని వలసవారు
(బిలాసపురమున తెలుగు సాంస్కృతిక సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



నాటకములకును, పద్యపఠనమునకును అలవాటుపడిన ఈ వేదికపై విజ్ఞానవిషయమును ముచ్చటింపబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. నేను సచివాలయమున దస్త్రములు చూచుకొను కళాపట్టభద్రుడను. అయినను, ఈ విషయము మనవంటి ప్రవాసాంధ్రులకు మిగుల దగ్గరిదని తలచి సాహసించుచున్నాను.

2017వ సంవత్సరము అక్టోబరు 30 మొదలు నవంబరు 4 వరకు హైదరాబాదు నగరమున కిరణజన్య సంయోగక్రియను, హైడ్రోజన్ శక్తిని గూర్చి ఒక అంతర్జాతీయ మహాసభ జరిగినది. అది విలియం క్రేమర్, గోవింద్‌జీ, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఎ. ఎస్. రాఘవేంద్ర అను ముగ్గురు శాస్త్రజ్ఞుల గౌరవార్థము ఏర్పాటైనది.

పచ్చని ఆకులోని జీవకణమున రెండు చిన్న కర్మాగారములు గలవు. ఒకటి హరితరేణువు. ఇది సూర్యకాంతిని పట్టి, నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెర చేయును. రెండవది మైటోకాండ్రియా. ఇది ఆ చక్కెరను ప్రాణవాయువుతో మెల్లగా కాల్చి శక్తిని తీయును. మన ఊరిమీదుగా సాగిపోవు కోర్బా బొగ్గు బండ్లను నిత్యము చూచుచున్నాము గదా! ఆ బొగ్గు కోట్ల సంవత్సరముల క్రిందట హరితరేణువులు కూడబెట్టిన ఎండయే.

ఈ రెండు కర్మాగారములును ముద్రించు నాణెము ఒక్కటే. దాని పేరు ఎ.టి.పి. మన దేహమున ఒక్క దినములో ఏర్పడి ఖర్చగు ఎ.టి.పి. మొత్తము ఇంచుమించు మన బరువంత యుండునని లెక్కకట్టుదురు. కండరములలో ఈ పదార్థమును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొనగా, అదే సంవత్సరమున అమెరికాలో సైరస్ ఫిస్కేయు, మన యల్లాప్రగడ సుబ్బారావుగారును వేరుగా కనుగొనిరి. 1895లో భీమవరమున జన్మించి, అమెరికా చేరిన సుబ్బారావుగారు 1948లో అచ్చటనే కన్నుమూసిరి. స్వదేశమునకు మరల రానేలేదు.

పగటివేళ హరితరేణువు నిండుగా పనిచేయునప్పుడు మైటోకాండ్రియాతో ఆకునకు అంత పని యుండదని తలచిన కాలముండెను. రాఘవేంద్రగారును వారి శిష్యులును బఠాణీ ఆకు కణములను తీసికొని, మైటోకాండ్రియాను మాత్రమే అణచునంత స్వల్పమోతాదులో కొన్ని మందులు చేర్చి చూచిరి. హరితరేణువును ఆ మందు తాకలేదు. అయినను కిరణజన్య సంయోగక్రియ తగ్గినది! ఎండ మితిమీరినప్పుడు హరితరేణువున పేరుకొను అదనపు శక్తిని మైటోకాండ్రియా స్వీకరించి దానిని కాపాడుచున్నదనియు, చక్కెర తయారీకి కావలసిన ఎ.టి.పి.ని కొంత అందించుచున్నదనియు దీనివలన తేలినది. రెండు శాఖలు వేరుగా పనిచేయునట్లు కనబడినను, ఒకటి నిలిచిన రెండవది కుంటుపడునన్న మాట. కార్యాలయములలో పనిచేయు మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది వీని పుట్టుక. ఈ రెండును తొలుత స్వతంత్రముగా బ్రదికిన సూక్ష్మజీవులనియు, అతిపురాతనకాలమున వేరొక కణములో ప్రవేశించి, అచ్చటనే స్థిరపడి ఇంటివారైనవనియు 1967లో లిన్ మార్గులిస్ అను విదుషీమణి గట్టిగా వాదించినది. తొలుత పలువురు నమ్మలేదు; నేడు శాస్త్రలోకము అంగీకరించినది. దానికొక సాక్ష్యము, కణకేంద్రకమునకు వేరుగా వీనికి తమదైన డి.ఎన్.ఎ. యుండుట. పూర్వము వేలకొలదిగా నున్న జన్యువులలో చాలభాగము నశించినవి, లేదా ఇంటి కేంద్రకమునకు చేరినవి. మన దేహపు మైటోకాండ్రియాలో మిగిలినవి 37 మాత్రమే. ఆ కొద్దియు లేనిచో అది శ్వాసింపజాలదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగువారు ఈ ఊరికి వచ్చి, బండ్లు నడిపి, పట్టాలు కాచి, ఇచ్చటివారైరి. ఛత్తీస్‌గఢీ మాట మన నోట సహజముగా పలుకుచున్నది. ఇది దోషము కాదు. ఇంటిలో కలియనివాడు ఇంటికి పనికిరాడు. కాని మన పిల్లలలో తెలుగు అక్షరములు చదువగలవారెందరు? పండుగనాటి పద్యమొక్కటియే మన భాషకు మిగిలినచో, ఆ 37 జన్యువులపాటి సారమైనను మనయందు నిలుచునా? బ్రదుకునకు పనికివచ్చు విషయములను చెప్పుకొనని భాష ఎంతటి తీయనిదైనను అలంకారముగనే మిగులును.

కావున నాదొక విన్నపము. నెలకొక సాయంకాలము ఈ సంఘమున ఒక సభ్యుడు తానెరిగిన పనిని గూర్చి తెలుగున మాటాడవలెను. ఇంజను నడుపువారు ఇంజనును గూర్చియు, వైద్యులు రక్తమును గూర్చియు, వృక్షశాస్త్రము చదువు మన విద్యార్థినులు ఆకును గూర్చియు చెప్పవలెను. తెలుగుమాట దొరకనిచోట వాడుకలోనున్న మాటనే వాడుదురుగాక. వాక్యము తెలుగుదైన చాలును. తొలి సాయంకాలమునకు పేరు నమోదు చేసికొనువారికై కార్యదర్శిగారు వేచియున్నారు.