సీసపు మెఱుగు, ఆవపు పొగ

ఇంగ్లండునందలి స్టాఫర్డ్‌షైరు కుమ్మరిశాలలలో మృత్పాత్రలకు అద్దమువంటి నిగనిగ నొసంగిన సీసపు పూతయే, ఆ పూతలో పాత్రలను ముంచెడి శ్రామికులకు ఉదరశూలను, మణికట్టు వ్రేలాడు పక్షవాతమును, స్త్రీలకు గర్భస్రావమును తెచ్చిపెట్టుచుండగా, 1898లో ప్రభుత్వాదేశమున విచారణ జరిపిన రసాయనవేత్త థోర్పు, వైద్యుడు ఆలివరు, ముడిసీసమును విడిచి, సీసము తప్పనిచోట దానిని ఇసుకతో కరగించి, గాజుగా మార్చి, పొడిచేసి వాడవలెనని సూచించిరి. అట్లు బంధింపబడిన సీసము ఆమ్లమున సులభముగా కరగదు. ఇంతటి హితోక్తి సంపూర్ణశాసన మగుటకు 1947 వరకు కాలము పట్టుట మిక్కిలి శోచనీయము.

ఆవములో వేడి హెచ్చినకొలది సీసము ఆవిరియై యెగసి, లోపలి గోడల కంటి, తరువాతి కాల్పులలో సీసము పూయని పాత్రలను సైతము దూషించును. కావున అట్టి ఆవము వాసగృహమునకు దూరముగా, పొగ బయటికి పోవునట్లు ఉండవలెను. కాల్పు చాలక పూత పచ్చిగా మిగిలిన పాత్రలో చింతపులుసుగాని నిమ్మరసముగాని పోయనే రాదు.