ఆటల్లో ఆడపిల్లలు: మనం అడగని ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇలాంటి సభలో బడి జ్ఞాపకాలు చెప్పడం ఆనవాయితీ. నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఆ పని వాళ్లకే వదిలేస్తున్నాను. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం బడిలో ఆడపిల్లల ఆటల కోసం ఖర్చు పెట్టాలని మన సంఘం అనుకుంటోంది. చాలా మంచి ఆలోచన. ఆ డబ్బు ఎలా ఖర్చు పెడితే మేలో చెప్పడానికి ఈ పదిహేను నిమిషాలు వాడుకుంటాను. నేను డాక్టర్ని కాను, ఎలక్ట్రికల్ ఇంజనీరుని. మా ఇంట్లో ఒక పిల్లకు వచ్చిన కష్టం వల్ల ఈ విషయం చదివాను, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను.

ఆడపిల్లల ఆటల విషయంలో సికింద్రాబాద్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మిథాలీ రాజ్ ఇక్కడే కీస్ హైస్కూల్లో చదువుకుంది. 1999లో పదహారేళ్ల వయసులో తొలి వన్డేలోనే 114 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. ఆమె రాకెట్ పట్టడం నేర్చుకుంది ఇక్కడి రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ కోర్టుల్లో. తర్వాత గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసేది. ఇవాళ తెల్లవారుజామున జింఖానా వైపు వెళ్తే కిట్ బ్యాగులు మోసుకుంటూ వెళ్లే ఆడపిల్లలు కనిపిస్తారు. మన కాలంలో ఆ దృశ్యం ఎంత అరుదో అక్కలకు తెలుసు.

మా తమ్ముడి కూతురు కూడా అలా వెళ్లిన పిల్లే. 800 మీటర్లు పరుగెత్తేది. తన విషయం తన అనుమతితోనే చెబుతున్నాను. పదహారో ఏట కాలి ఎముకలో సన్నని పగులు వచ్చింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. విశ్రాంతి తీసుకుంది, తగ్గింది, మళ్లీ పరుగు మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండా రెండో కాలికి అదే పగులు. ఈసారి చూసిన డాక్టరమ్మ ఫిల్ము చేతిలోకి తీసుకోకముందే, "నెలసరి ఆఖరుసారి ఎప్పుడు వచ్చిందమ్మా?" అని అడిగింది. ఏడు నెలలైంది. గట్టిగా ప్రాక్టీసు చేసే పిల్లలకు అది మామూలేనని ఆమె కోచ్ చెప్పాడట. వారం వారం అందరి ముందూ తూకం వేసి, బరువు తగ్గినవాళ్లను మెచ్చుకునే అలవాటు కూడా ఆయనకు ఉండేది.

కాలి నొప్పితో వచ్చిన పిల్లను నెలసరి గురించి ఎందుకు అడిగారన్నది ఆ రోజు మాకెవరికీ అర్థం కాలేదు. ఈ ప్రసంగమంతా దానికి జవాబే.

క్రీడా వైద్యంలో దీనికి ఫీమేల్ అథ్లెట్ ట్రయాడ్ అని పేరు. 1992లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణులు పెట్టిన పేరది. చాలినంత శక్తి అందకపోవడం, నెలసరి గతి తప్పడం, ఎముకలు బలహీనపడటం అనే మూడింటినీ కలిపి ట్రయాడ్ అన్నారు. ఇవి మూడు వేరువేరు జబ్బులు కావు. మొదటిది రెండోదాన్ని తెస్తుంది, రెండూ కలిసి మూడోదాన్ని తెస్తాయి.

ఇది నాకు బాగా అర్థమైంది మా శాఖ భాషలో. ఎండాకాలంలో లోడు పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఏం చేస్తాం? ఆసుపత్రి ఫీడరు జోలికి వెళ్లం. వేరే ఫీడర్లకు కోత పెడతాం. శరీరం కూడా అంతే. తిన్నదాంట్లో చాలా భాగం పరుగుకే పోతే మిగిలినదానితో గుండె, మెదడు, ఊపిరితిత్తులు నడవాలి. అప్పుడు మెదడులోని హైపోథలామస్ కోత మొదలుపెడుతుంది. బిడ్డను మోసే ఏర్పాటు ఇప్పుడు అత్యవసరం కాదని అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి ఆగిపోతుంది. పిల్ల మాత్రం పరుగెత్తుతూనే ఉంటుంది. ఒక్కోసారి కొన్నాళ్లు టైమింగ్ మెరుగవుతుంది కూడా. అందుకే ఇంట్లోవాళ్లకు, కోచ్‌కు అనుమానం రాదు.

ఈస్ట్రోజెన్ ఎముకలకు కాపలా. రోజూ పాత ఎముక కొంత అరుగుతుంది, కొత్తది కొంత చేరుతుంది. ఆ కాపలా పోతే అరుగుదల పైచేయి అవుతుంది. శక్తి తక్కువైతే కొత్త ఎముక తయారీ కూడా మందగిస్తుంది. ప్రతి అడుగుకూ కాలి మీద పడే దెబ్బను పూడ్చుకునే వీలు లేక సన్నని పగులు వస్తుంది. ఇంకో బాధ ఏమిటంటే, మనిషి జీవితాంతం వాడుకునే ఎముకలో దాదాపు తొంభై శాతం ఇరవై ఏళ్ల లోపే పోగవుతుంది. సరిగ్గా ఆ వయసులో రెండేళ్లు పోగుపడకపోతే ఆ లోటు పూర్తిగా తీరకపోవచ్చు.

"మా పిల్ల బాగానే తింటుందండీ" అని ప్రతి తల్లీ అంటుంది. అబద్ధం కాదు. ఒక లెక్క చూడండి. 45 కిలోల అమ్మాయి. కొవ్వు తీసేస్తే 36 కిలోలు అనుకుందాం. పొద్దున బిస్కెట్లు, టీ, తర్వాత రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం డబ్బా అన్నం, రాత్రి ట్యూషన్ నుంచి వచ్చాక కాస్త భోజనం, అన్నీ కలిపి 1500 కేలరీలు. ప్రాక్టీసుకు 500 పోతే మిగిలేవి 1000. దాన్ని 36తో భాగిస్తే కిలోకు 28 కూడా రావు. ఆరోగ్యంగా ఉండాలంటే 45 దాకా కావాలి, 30 కన్నా తగ్గితే కోత మొదలయ్యే ప్రమాదం ఎక్కువ అని పరిశోధకులు చెబుతున్నారు. ఒక్కో శరీరం ఒక్కో రకం కాబట్టి ఈ అంకె గీత గీసినట్టు ఉండదు. కానీ విషయం తెలుస్తోంది కదా. ఈ పిల్ల డైటింగ్ చేయలేదు, పస్తులుండలేదు. తిండికి, పరుగుకు మధ్య లెక్క కుదరలేదు, అంతే.

కావాలని తిండి తగ్గించేవాళ్లూ ఉన్నారు. తూకం ఉన్న ఆటల్లో ఇది మరీ ఎక్కువ. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్ కోసం 50 కిలోలకు దిగాల్సి వచ్చింది. 2024లో పారిస్‌లో ఓడిపోయాక, తూకం కోసం రెండు రోజులు ఏమీ తినలేదని ఆమే చెప్పింది. అమెరికాలో మేరీ కెయిన్ అనే పరుగుల అమ్మాయి, ఇంకా సన్నబడాలన్న ఒత్తిడిలో మూడేళ్లు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో బయటపెట్టింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి స్ట్రెస్ ఫ్రాక్చర్‌కూ ఇదే కారణం కాదు. సింధు 2022లో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన వారం లోపే ఎడమ పాదంలో అలాంటి పగులు ఉందని ప్రకటించి ప్రపంచ ఛాంపియన్‌షిప్ మానుకుంది. ఆట భారం ఒక్కటే చాలు అలా జరగడానికి. నెలసరి ఆగడానికి థైరాయిడ్, పీసీఓఎస్ లాంటి కారణాలూ ఉంటాయి. ఏది ఏమిటన్నది తేల్చాల్సింది డాక్టరే. డాక్టరు దగ్గరికి పంపడం వరకు మన పని. మగపిల్లలకూ శక్తి చాలకపోతే నష్టమేనని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి చెబుతోంది.

మన దేశంలో దీనికి తోడు రక్తహీనత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. అలాంటి పిల్ల ఆయాసపడితే మనం "స్టామినా లేదు" అంటాం, ఇంకో రెండు రౌండ్లు కొట్టమంటాం.

ఇక నిధి సంగతి. షీల్డులు, ట్రాక్‌సూట్లు వద్దనను. వాటికంటే ముందు మూడు పనులు చేద్దామని నా మనవి.

మొదటిది, ప్రాక్టీసు అయిన అరగంటలో బడిలోనే తిండి. ఉడికించిన గుడ్డు, అరటిపండు, పల్లి పట్టీ, రాగిజావ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఈ వయసు పిల్లకు రోజుకు కావాల్సింది సుమారు వెయ్యి. ఇది ఖరీదైన పని కాదు, ఏడాది పొడవునా ఆగకుండా నడవాలి, అంతే.

రెండోది, ప్రతి జట్టుకూ పిల్లలు నోరు విప్పి మాట్లాడగలిగే ఒక టీచరమ్మ. నెలసరి మూడు నెలలు వరసగా రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోయినా ఆవిడకు చెప్పాలి, ఆవిడ తల్లికి చెప్పాలి. ఆ మాట జట్టులో, స్టాఫ్ రూములో తిరగకూడదు. మన ఇళ్లల్లో దీన్ని "బయట ఉంది" అని గుసగుసగానే చెప్పుకుంటాం. ఆ గుసగుస వల్లే మా పిల్ల ఏడు నెలలు ఎవరికీ గట్టిగా చెప్పలేకపోయింది.

మూడోది, అందరి ముందూ తూకం వేయడం, ఒంటి గురించి వ్యాఖ్యానాలు చేయడం పూర్తిగా మానేయాలి. ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి అంటే, ఆ పూట పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి. ఏడాదికి ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. మన సంఘంలో డాక్టర్లు ఉన్నారు. నెలకు ఒక్క శనివారం ఇస్తే చాలు.

మా పిల్ల సంగతి అడుగుతారని తెలుసు. తిండి పెరిగింది, ప్రాక్టీసు తగ్గింది, కొన్ని నెలలకు నెలసరి వచ్చింది. మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లడానికి ఏడాదిన్నర పట్టింది. ఎముకల సాంద్రత ఇంకా వయసుకు తగ్గట్టు లేదు. ప్రతి ఏడాదీ పరీక్ష చేయించుకుంటోంది. ఆ ప్రశ్న మొదటి పగులప్పుడే ఎవరైనా అడిగి ఉంటే రెండోది వచ్చేది కాదేమోనని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది.

పీఈటీ సార్లకు, టీచరమ్మలకు ఒక మాట. తల్లిదండ్రులకంటే ఎక్కువసేపు మైదానంలో ఈ పిల్లల్ని చూసేది మీరే. ఈ మూడు పనులు మీరు ఒప్పుకుంటేనే నడుస్తాయి. డబ్బుకు మేము ఉన్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. బలపరచమని మీ అందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.