రాజు దేహం, రాజ్య భారం

1509లో కొద్ది నెలల తేడాతో ఇద్దరు రాజులు సింహాసనమెక్కారు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు. ఇద్దరూ కసరత్తుతో దేహాన్ని తీర్చుకున్నవాళ్ళే, ఇద్దరూ కవిపండితులను చేరదీసినవాళ్ళే. హెన్రీ దేహం ఎలా లావెక్కింది, కాలి పుండ్లు ఎలా ముదిరాయి, చివరి రోజుల్లో ఎలా మంచాన పడ్డాడు అన్న విషయాల మీద గ్రంథాలే వచ్చాయి. రాయల జబ్బు గురించి మనకు మిగిలింది నాలుగైదు వాక్యాలు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒక్క సంగతి నిరూపించడానికి ప్రయత్నిస్తాను. రాజుకు వచ్చిన జబ్బు దానికదే రాజ్యాన్ని కూల్చదు. పాలనలో ఎంత భాగం ఆ ఒక్క మనిషి చేతుల మీదుగా నడుస్తున్నదో, అంత మేరకే అది రాజ్యానికి కూడా జబ్బవుతుంది.

ముందుగా ఆధారాల సంగతి తేల్చుకోవాలి. రాజుల గురించి రాతి మీద చెక్కినవాళ్ళకు వంశం ముఖ్యం, దానం ముఖ్యం. ఒంటి బాగోగులు కావు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనమే చూడండి. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన ఆ శాసనం కాకతీయుల వంశక్రమాన్ని వెన్నరాజు నుంచి చెప్పి చరిత్రకు గొప్ప మేలు చేసింది. అందులో పేర్లున్నాయి, కీర్తి ఉంది. ఎవరు ఏ జబ్బుతో పోయారో లేదు. రుద్రమదేవి మరణకాలం కూడా ఆస్థాన కవి చెబితే తెలిసింది కాదు. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఆమెకు పుణ్యం కలగాలని భూదానం చేసి 1289లో చందుపట్లలో వేయించిన శాసనం వల్ల తెలిసింది. శిల్పానిదీ ఇదే తీరు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహప్రతిమలో నడుము సన్నం, ఒళ్ళు తీరైనది. 1520 ప్రాంతంలో రాయలను కళ్ళారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మాత్రం మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, సన్నం కంటే లావు వైపే మొగ్గిన ఒళ్ళు, ముఖాన మశూచి మచ్చలు అని రాసుకున్నాడు. హెన్రీ విషయంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1537 ప్రాంతంలో హోల్బైన్ వేసిన చిత్రం ఆయన భారీకాయాన్నే అధికార చిహ్నంగా మార్చేసింది. కానీ కవచం ఒంటికి పట్టాలి కాబట్టి కమ్మరి ముఖస్తుతి చేయలేడు. 1540 నాటి కవచంలో నడుము కొలత 50 అంగుళాలు దాటింది. కాబట్టి రాజు దేహం గురించి ఆస్థానం చూపించదలుచుకున్నదాన్ని కాక, దాచడానికి వీలుకాని దాన్ని నమ్మాలి.

ఇప్పుడు మొదటి అభ్యంతరం. హెన్రీ క్రూరత్వానికి జబ్బే కారణమనే వాదం ఒకటి బలంగా ఉంది. 1536 జనవరి 24న గ్రీనిచ్‌లో గుర్రంపై ఆడే ఈటెల పోటీలో ఆయన కిందపడ్డాడు. ఆ దెబ్బకు మెదడు దెబ్బతిని మనిషే మారిపోయాడంటారు. ఆ ఏడాదే మే నెలలో రాణి ఆన్ బొలీన్ తల తీయించాడు గనుక వాదన అతికినట్టే కనిపిస్తుంది. అయితే ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. రెండు గంటలు స్పృహ లేదని ఒక లేఖ అంటే, లండన్‌లోనే ఉన్న పవిత్ర రోమన్ చక్రవర్తి రాయబారి షాప్వీ దెబ్బేమీ తగలలేదని రాశాడు. అంతకన్నా ముఖ్యమైనది కాలక్రమం. తండ్రి మంత్రులు ఎంప్సన్, డడ్లీల తలలు తీయించింది 1510లో. బకింగ్‌హామ్ ప్రభువును చంపించింది 1521లో. బిషప్ ఫిషర్‌ను, థామస్ మోర్‌ను చంపించింది 1535లో. ఇవన్నీ ఆ పడటానికి ముందువే. మొదటి రెండు శిక్షల నాటికి ఆయన ఈటెల పోటీల్లో దిగుతున్న దృఢకాయుడు. కాలి పుండ్ల బాధ, కదలలేకపోవడం, తగ్గని తిండి కలిసి 1536 తర్వాత ఆయన ఒళ్ళు పెరిగిందన్న మాట నిజమే. నొప్పి కోపాన్ని పెంచి ఉండవచ్చు. కానీ కోపం వచ్చిన ప్రతి మనిషీ మంత్రి తల తీయించలేడు. కోపాన్ని మరణశిక్షగా మార్చగల యంత్రాంగం ఆ చేతిలో ముందే ఉంది. పుండు ఆ యంత్రాంగాన్ని తయారు చేయలేదు. మధుమేహమనీ, గ్రంథుల వ్యాధి అనీ, అరుదైన రక్తదోషమనీ మన కాలపు వైద్యులు చేసిన నిర్ధారణలు ఆసక్తికరమైనవే. అయితే పరీక్షించడానికి దేహం లేనిచోట అవి ఊహలుగానే మిగులుతాయి.

రాయల సంగతికి వద్దాం. పేస్ చెప్పిన దినచర్య ప్రసిద్ధం. తెల్లవారకముందే లేచి ముప్పావు పింటు, అంటే అర లీటరుకు కొంచెం తక్కువ, నువ్వులనూనె తాగడం. ఒళ్ళంతా అదే నూనె పట్టించుకోవడం. మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, కత్తి తిప్పి నూనె చెమటగా కారేదాకా కసరత్తు. ఆపైన మల్లుడితో కుస్తీ. తెల్లవారేదాకా గుర్రపు స్వారీ. 1520లో రాయచూరు గెలిచిన దేహం అది. ఆ తరువాతి కథ చెప్పినవాడు మరో పోర్చుగీసు, గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్. రాయలు ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయలను రాజును చేసి తాను మంత్రిగా నిలిచాడని, ఆ పిల్లవాడు చనిపోయాడని అతడు రాశాడు. మహామంత్రి తిమ్మరుసు కొడుకే విషం పెట్టాడన్న అనుమానంతో ఆ కుటుంబాన్ని చెరలో వేయించి, తరువాత తిమ్మరుసు కళ్ళు తీయించాడని కూడా రాశాడు. చివరికి బెళగావి మీదకు దండయాత్రకు సిద్ధమవుతుండగా రాయలకు గజ్జల్లో నొప్పి వచ్చిందట; విజయనగర రాజులంతా అదే నొప్పితో పోతారట. మరణం 1529 అక్టోబరు 17న, చంద్రగ్రహణం నాడు సంభవించింది. ఈ తేదీ కూడా కావ్యం వల్ల తెలిసింది కాదు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో ఒక గుడికి చేసిన దానశాసనం వల్ల ఈ మధ్యనే తెలిసింది.

నూనిజ్ రాసింది విన్న కబురు కదా, దాని మీద ఇంత భారం వేయవచ్చా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విషప్రయోగం నిజమో కాదో తేల్చలేం; గజ్జల నొప్పికి పేరు పెట్టలేం; వంశంలో అందరికీ ఒకే జబ్బు అన్నది అంగట్లో వినిపించే మాటలాగే ఉంది. కానీ వదంతి కూడా ఒక సంగతికి సాక్ష్యమే. యువరాజు చావగానే జనం మంత్రి ఇంటివైపు చూశారంటే, రాజు తరువాత ఎవరన్నది ఆస్థానంలో తేలని ప్రశ్నగా ఉన్నదన్నమాట. ఇరవై ఏళ్ళు యుద్ధాలను స్వయంగా నడిపిన రాజు పోయేనాటికి మిగిలిన కొడుకు ఏడాదిన్నర పసివాడు. చంద్రగిరిలో ఉంచిన సోదరుడు అచ్యుతరాయలకు రాజ్యం ఇవ్వాల్సి వచ్చింది. అల్లుడు రామరాయలు ఆ పసివాడి పక్షం పట్టాడు. 1542లో అచ్యుతుడు పోయాక మళ్ళీ అదే తగాదా. ఈసారి రక్తపాతంతో, రామరాయల చేతిలో సదాశివుడనే నామమాత్రపు రాజుతో ముగిసింది.

ఇంగ్లండులో వారసత్వం మెరుగ్గా జరిగిందా అంటే, సగం వరకే. అక్కడ రాజు చనిపోతాడని పలకడమే ద్రోహంగా లెక్క, అందుకే వైద్యులు చివరిదాకా నోరు విప్పలేదు. 1547 జనవరి 28న హెన్రీ పోతే మూడు రోజులు ఆ వార్త దాచారు. తొమ్మిదేళ్ళ కొడుకు ఎడ్వర్డుకు పదహారుమంది సమానంగా పాలన చూడాలన్న వీలునామాను పక్కనపెట్టి, ఆ రోజుల్లోనే మేనమామ సీమర్ సంరక్షకుడయ్యాడు. అయినా ఒక తేడా ఉంది. వారసుల వరుసను 1544లో పార్లమెంటు చట్టంగా చేసింది. 1553లో ఎడ్వర్డు పోయాక జేన్ గ్రేను గద్దెనెక్కించిన వర్గం పది రోజుల్లోపే ఓడింది. చట్టంలో పేరున్న హెన్రీ కూతురు మేరీ పక్షాన జనం, ప్రభువులు నిలిచారు. రాజు దేహంతో పోని రాత ఒకటి అక్కడ ఉంది.

రాయలు పోయాక విజయనగరం 1565 వరకు బలంగానే ఉంది కదా, ఇక నష్టమేమిటి అనేది రెండో అభ్యంతరం. బలంగా ఉన్న మాట వాస్తవం. కోటలు, నాయంకరాలు, ఆదాయం ఒక్క రోజులో కరిగిపోవు. నేననేది కూడా రాజ్యం కూలిందని కాదు. ప్రతి మరణం దగ్గరా అధికారం ఎవరిదన్న ప్రశ్న మొదటినుంచీ మొదలైందని. గోల్కొండలోనూ ఇదే జరిగింది. సుల్తాన్ కులీని 1543లో చంపించిన కొడుకు జంషీద్ దీర్ఘవ్యాధితో 1550లో చనిపోయాడు. చిన్నవాడైన అతని కొడుకు నిలవలేదు. విజయనగరంలో తలదాచుకున్న తమ్ముడు ఇబ్రహీం వచ్చి గద్దెనెక్కాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఇతన్నే. ఓరుగల్లు సీమ ఆనాడు ఎవరిదన్నది గోల్కొండ దర్బారులో ఒక రోగి ఊపిరి మీద ఆధారపడింది.

దీనికి భిన్నమైన దారి ఇదే నేల మీద ముందే కనిపించింది. ఇప్పటి భూపాలపల్లి జిల్లాలో గణపసముద్రం చెరువుకు పేరిచ్చిన గణపతిదేవుడు తాను బతికి ఉండగానే కూతురు రుద్రమను పాలనలో కలుపుకున్నాడు. ఆమె మనవడు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని వారసుడిగా తీర్చింది. రాయలు కూడా కొడుకుకు పట్టం కట్టాడు కదా అనవచ్చు. ఆరేళ్ళవాడికి పట్టం కడితే అధికారం చేతులు మారదు. ఆ పిల్లవాడిని కాపాడే బరువు కూడా తండ్రి మీదే పడుతుంది. గణపతిదేవుడు పంచింది బిరుదును కాదు, పనిని. బమ్మెర పోతన రాజులకు కృతి ఇవ్వనన్నాడని చెప్పుకునే ఈ జనగామ ప్రాంతంలో రాజును మామూలు మనిషిగా చూడటం కొత్త కాదు. అలా చూస్తే దేహం లావెక్కడం, జబ్బు పడటం ఎవరికైనా వచ్చేవే. వాటిని పాపానికి శిక్షగానో, వీరత్వానికి మచ్చగానో చదవనక్కరలేదు. పాలకుడి ఆరోగ్యం గురించి చరిత్ర విద్యార్థి అడగాల్సింది రోగం పేరు కాదు. ఆ మనిషి మంచాన పడ్డ రోజు సంతకం ఎవరు పెట్టారు, సైన్యం ఎవరి మాట విన్నది, ఆ ఏర్పాటు ముందే నలుగురికీ తెలుసా అని అడగాలి. ఆ మూడింటికి జవాబు లేని రాజ్యం రాజు ఆరోగ్యంగా ఉన్ననాడే జబ్బు పడి ఉంది.