ఒక మనుమరాలి పేరు

(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నేను ఒక్క పేరును గూర్చి మాట్లాడవలెనని వచ్చినాను. ఇట్టి కూటమునకు ఇది వింత అంశముగా తోచవచ్చును. దీనికి కారకులు మీలో ఒకరే. ఆ పెద్దమ్మగారు ఇక్కడే కూర్చొనియున్నారు. తమ పేరు మాత్రము చెప్పవద్దన్నారు. మొన్న వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, మా అబ్బాయీ కోడలూ కార్డిఫ్‌లో ఆసుపత్రి ఉద్యోగాల్లో ఉన్నారు గదా, పాప పుట్టింది. అక్కడి పేరే పెట్టారు. అది నాకు నోరు తిరగడం లేదు. కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి, దాని దగ్గరకు వచ్చేసరికి 'ఆ పసిబిడ్డను' అని సరిపెడుతున్నాను. అసలది క్రైస్తవ పేరేనా అండీ?" అని అడిగినారు. వారు చూపిన కాగితము మీది పేరును నేనును చదువలేకపోతిని. వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు అక్షరములతో కుస్తీ పట్టినవాడనే గాని, ఇంగ్లీషు అక్షరములలోనే యున్న ఈ పేరు నాకు కొరుకుడు పడలేదు.

ఆ పేరు గ్వెన్‌ల్లియన్.

ఇది వేల్స్ దేశపు ఆడపిల్లల పేరు. ఇంగ్లాండునకు పడమట నున్న కొండల దేశము వేల్స్. కార్డిఫ్ దాని రాజధాని. అక్కడి భాష ఇంగ్లీషుకు యాస కాదు. అది వేరే కుటుంబమునకు చెందిన ప్రాచీన భాష. ఈ పేరు నడుమనున్న 'ల్ల' మన 'ల్ల' కాదు. నాలుకను 'ల' అనుటకు పెట్టినట్లే పెట్టి, గొంతు పలికించకుండ, నాలుక ప్రక్కలనుండి గాలి ఊదవలెను. బుసకును లకారమునకును నడుమనుండు శబ్దమది. మన అక్షరమాలలోను లేదు, ఇంగ్లీషువారి నోటను లేదు. మన అమ్మగారు ఒక్కరే దీనితో ఇబ్బంది పడలేదని ముందుగా చెప్పుచున్నాను. ఏడు వందల ఏండ్ల క్రిందట రాజు కచేరీ గుమాస్తాలును పడినారు. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

ఇక అర్థము. 'గ్వెన్' అనగా తెలుపు. పురుషుల పేర్లలో అదే 'గ్విన్'. అయితే ఆ భాషలో తెలుపు అనగా రంగు మాత్రమే కాదు. సుందరము, పవిత్రము, ధన్యము అను అర్థములును దానికి కలవు. కొండమీది ప్రసంగములో మన బైబిలు 'ధన్యులు' అను చోట, వేల్సువారి బైబిలు 'వారి లోకము తెల్లన' అను అర్థమిచ్చు పలుకుబడిని వాడుచున్నది. దీనిని తెలిసికొన్ననాడు మత్తయి అయిదవ అధ్యాయమును నేను మరియొకసారి తీసి, ప్రతి 'ధన్యులు' దగ్గరను ఆగి చదువుకొంటిని. పేరులోని రెండవ భాగమును సాధారణముగా 'ల్లియైన్' అను మాటతో ముడిపెట్టుదురు. అనగా నారబట్ట. ప్రవాహము అను అర్థము చెప్పువారును కలరు. నాకు నారబట్టయే నచ్చినది. ప్రకటన గ్రంథములో సన్నపు నారబట్టలను గూర్చి చదివిన మనకు ఈ పేరు పరాయిదిగా తోచదు. కనుక అమ్మగారి ప్రశ్నకు నా జవాబు ఇది: ఈ పేరు బైబిలులో లేదు, కాని బైబిలు తెలిసినవారి నోట పెరిగిన పేరు.

మధ్యయుగములలో వేల్సులో ఇది మిక్కిలి వాడుకలోనుండిన పేరు. రాజుల ఇండ్లలోను, రైతుల ఇండ్లలోను పెట్టుకొనిరి. అప్పటికి అక్కడ ఇంటిపేర్లు లేవు. ఫలానావాని కుమారుడు, ఫలానావాని కుమార్తె అనియే పిలుపు. (కుమారుడను 'ఆప్' అను మాట తరువాత పేరులోనే కలిసిపోయి 'ఆప్ హవెల్' కాస్తా 'పావెల్' ఆయెను. ఆ ఇంటిపేరు గలవారిని ఇంగ్లీషువారని మనము అనుకొనుచుందుము!) ఈ పేరు గలవారిలో ఇద్దరిని వేల్సువారు మరువలేదు.

మొదటియామె గ్వినెద్ రాజైన గ్రిఫిద్ ఆప్ కునన్ కుమార్తె. 1136లో నార్మనుల మీద దేశము తిరుగబడినప్పుడు, ఆమె భర్త సహాయము కోరి ఉత్తరమునకు తన మామ యొద్దకు వెళ్లియుండెను. ఇంతలో శత్రువులు కదలగా, ఆమెయే సైన్యమును నడిపించి కిడ్వెలీ కోట దాపున పోరాడి చంపబడెను. ఆ యుద్ధములో ఒక కుమారుడును కూలెను. ఆ పొలమును నేటికిని గ్వెన్‌ల్లియన్ పొలమనియే పిలుచుచున్నారు. అప్పటికి పసివాడైన ఆమె మరియొక కుమారుడు రీస్, పెద్దవాడై, 1176 క్రిస్మసునకు కార్డిగన్ కోటలో కవులకును వాద్యకారులకును పోటీలు పెట్టించెను. వేల్సువారు ఐస్టెద్‌వోద్ అని నేటికిని జరుపుకొను కవితాగాన మహోత్సవమునకు దానినే మొదటిదిగా ఎంచుదురు.

రెండవయామె కథ నన్ను ఎక్కువగా పట్టుకొన్నది. 1282 జూనులో ఉత్తర వేల్సులోని ఆబెర్‌గ్విన్‌గ్రెగిన్‌లో ఆమె పుట్టెను. తండ్రి ల్లవెలిన్, స్వతంత్ర వేల్సునకు కడపటి రాకుమారుడు. తల్లి ఎలినోర్ ప్రసవములోనే చనిపోయెను. ఆరు నెలలు తిరుగక మునుపే, డిసెంబరు 11న, ల్లవెలిన్ కిల్‌మెరి దగ్గర చంపబడెను. మరుసటి సంవత్సరము పినతండ్రి దావిద్‌ను పట్టుకొని ఉరితీసి ముక్కలు చేసిరి. మిగిలినది ఆ పసిబిడ్డ. ఆమె పెరిగి పెండ్లియాడి వారసుని కనినచో తన రాజ్యమునకు ప్రమాదమని ఎంచిన ఎడ్వర్డ్ రాజు, ఊయలలోని బిడ్డను తూర్పున దూరముగా నున్న లింకన్‌షైర్‌లోని సెంప్రింగాం మఠమునకు పంపెను. ఆ బిడ్డ అక్కడే పెరిగి, సన్యాసినియై, 1337 జూను 7న, తన 54వ యేట, అక్కడే మరణించెను. మఠములోని సహోదరీలు ఆమెను ప్రేమతోనే పెంచియుండవచ్చును. 1327లో అప్పటి రాజు ఆమెకు ఏటికి 20 పౌనుల భరణమును ఏర్పరచెను. కాని ఆమెకు లోపించిన దానిని చూడుడి. తన పేరును సరిగా పలుకగల మనిషి ఆ గోడల లోపల ఒక్కరుండిరో లేరో! అప్పటి ఇంగ్లీషు పత్రములలో ఆమె పేరు 'వెన్సిలియన్' అనియు, 'వెంట్‌లియానె' అనియు కనబడుచున్నది. తండ్రి భాష వినకుండ పెరిగినది గనుక ఆమెయే తన పేరును ఎట్లు పలికెనో! మన పాస్టరేటు పాత బాప్తిస్మపు రిజిస్టరులో ఒకే తల్లి పేరు మూడుచోట్ల మూడు విధములుగా, దొరగారి చెవికి తోచినట్లు, వ్రాయబడియుండుట నేను చూచినాను. అప్పుడు నవ్వుకొంటిని. ఈ కథ చదివిన తరువాత నవ్వు రాలేదు.

మఠము 1538లో మూయబడెను. ఆమె సమాధి జాడ లేదు. 1993లో అక్కడి గుడి దగ్గర ఒక స్మారక శిలను నిలిపిరి. 2009లో స్నోడోనియా కొండలలోని 926 మీటర్ల శిఖరమునకు ఆమె పేరు పెట్టి, ప్రభుత్వ పటములలోను చేర్చిరి. దాపుననే ల్లవెలిన్, దావిద్ అను పేర్ల శిఖరములు ఉన్నవి. అవి ఆమె తండ్రి, పినతండ్రుల పేర్లేనని అనేకుల నమ్మకము. ఎలెన్ అను మరియొక శిఖరమును తల్లి పేరుగా చెప్పుకొందురు. బ్రతికి యుండగా కలిసి యుండని ఇంటివారిని కొండలమీద ఒక్కచోట చేర్చినారు.

పేరు ఏమాయెనని అడుగుదురేమో. 1536 చట్టము కోర్టులలోను ఉద్యోగములలోను వేల్సు భాషకు చోటు లేకుండ చేసినది. క్రమముగా పిల్లలకు జాన్, విలియం, ఎలిజబెత్, మేరీ అను పేర్లే పెట్టసాగిరి. గ్వెన్‌ల్లియన్ పల్లెలలో మిగిలినది. భాష పూర్తిగా చావకపోవుటకు 1588లో విలియం మోర్గన్ తర్జుమా చేసిన బైబిలు గొప్ప కారణము. గుడిలో ప్రతి ఆదివారము చదువబడు భాషను దొరతనము నోరు మూయించలేకపోయెను. పేరును ఆ నీడలోనే బ్రతికినది. 1910లో బ్రెకన్ పట్టణమునకు మేయరై, వేల్సులో ఆ పదవి నెక్కిన మొదటి స్త్రీ గ్వెన్‌ల్లియన్ మోర్గన్. నేడు ఆ దేశమంతటా ఎరిగిన పేరే గాని, పెట్టుకొనువారు కొద్దిమందే. ఆ దేశము దాటితే మరియు అరుదు. పలుకుట కష్టమని చాలమంది 'గ్వెన్' అని కురచ చేయుదురు. మన పాపకు ఆ కురచ పేరు వద్దని తండ్రి గట్టిగా చెప్పినాడట. ఉద్యోగమునకు వచ్చిన క్రొత్తలో తన తెలుగు పేరును అక్కడివారు కత్తిరించుచుండగా పడిన బాధ అతనికి గుర్తున్నది కాబోలు.

పాప డిసెంబరులో ఇక్కడికి వచ్చుచున్నది. బాప్తిస్మము మన గుడిలోనే. పేరును బిగ్గరగా పలుకవలసినవాడను నేను, రిజిస్టరులో వ్రాయవలసినవాడనును నేనే. తెలుగులో గ్వెన్‌ల్లియన్ అని వ్రాసి, దాని ప్రక్కనే తలిదండ్రులు వ్రాయు విధముగా వారి అక్షరములలోను వ్రాయవలెనని నిశ్చయించుకొన్నాను. పలుకుటకు మాత్రము ఇంకను సాధన చేయుచున్నాను. అమ్మగారు నాకంటె ముందున్నారు. కొడుకు ఫోనులో పలికి వినిపించగా, గత గురువారపు కుటుంబ ప్రార్థనలో ఆ గాలి ఊదు లకారమును రెండుసార్లు సరిగా పలికినారని కోడలు నాకు వ్రాసినది.