బీదకుటుంబములు - విడాకుల వ్యయము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము సంసారధర్మమును గూర్చి ప్రసంగింపుమని కోరిరి. ఆ ధర్మమును మాకంటె చక్కగ వినిపింపగల పెద్దలు ఈ వేదికమీదనే పలువురు కలరు. కావున మేము సంసారము విరిగినపుడు దాని ఖర్చెవరు భరింపవలెనను సంగతిని ఎత్తుకొనుచున్నాము. పండుగవంటి ఈ దినమున ఇట్టి ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. కల్యాణమండపమునకు విరాళములిచ్చిన దాతల పేర్లు మన సంచికలలో పుటలనిండ అచ్చగుచున్నవి. ఆ మండపమున ముడిపడిన సంబంధము తెగినపుడు, ఆ పిల్ల కోర్టుకు పోవుటకు బస్సుకిరాయి యిచ్చినవారి పేరు మాత్రము ఒక్కటియు మా కంటబడలేదు.

మన నేతకుటుంబముల స్థితి మీరెరుగనిది కాదు. నల్లగొండవైపు పోచంపల్లి, పుట్టపాక, చండూరు; పాలమూరువైపు గద్వాల, నారాయణపేట, కొత్తకోట - తరచుగ మగ్గముపై కూర్చుండువాడు మగవాడు; కండెలు చుట్టుట, ఆసుపోయుట ఆడువారి పాలు. మజూరి మాత్రము చాలచోట్ల మగవాని పేరనే లెక్కలో పడును. పగలంతయు చేతులరుగునట్లు పనిచేసినదియే యయ్యును, పుట్టింటికి తిరిగివచ్చిననాడు ఆమెచేత చిల్లిగవ్వ యుండదు. ఇక మరమగ్గముల పనికై భివండికిని, షోలాపూరునకును, సూరతునకును పోయినవారిలో కొందరు తిరిగిరారు, జాబును వ్రాయరు.

రెండేండ్లక్రిందట నల్లగొండ ప్రాంతమునుండి ఒక నేతకాడు కుమార్తెను వెంటబెట్టుకొని, ఒక కాగితము చదివించుకొనుటకు మాయింటికి వచ్చెను. అల్లుడు భివండిలో వేరొక కాపురము పెట్టెను. గ్రామపు పెద్దమనుష్యులు ఇరుపక్షములచేతను ధరావతు కట్టించుకొని, మూడుదినములు పంచాయితీ నడపి, స్టాంపుకాగితముపై వీరిరువురకు నేటినుండి సంబంధము లేదని వ్రాయించి వ్రేలిముద్రలు వేయించిరి. ధరావతులో చాలభాగము పంచాయితీఖర్చుల క్రిందనే పోయెను. తండ్రి ఆ సొమ్మునకై పిల్ల పుస్తెలతాడునే కుదువబెట్టెను. ఇప్పుడామెకు మరియొక సంబంధము వచ్చినది. ఈ కాగితము చెల్లునా యని వరునివారడుగుచున్నారట. దానిని నమ్మి పెండ్లి చేయరాదని చెప్పితిమి. ఆ పిల్ల మాట్లాడక కాగితమును మడిచి మరల సంచిలో పెట్టుకొనెను.

ఎందులకు నమ్మరాదందురేమో! 1955 మే 18వ తేదీనుండి అమలులోనున్న హిందూవివాహచట్టము 29వ సెక్షనున ఆచారసిద్ధమైన విడాకులను రద్దుచేయలేదు. పెద్దమనుష్యులు పట్టుకొని వ్రేలాడునది ఈ యొక్క వాక్యమునే. కాని అట్టి యాచారము తమలో కలదని చెప్పువారే దానిని స్పష్టముగ పేర్కొని ఋజువు చేయవలెనని సుప్రీముకోర్టు 2002లో తీర్పుచెప్పినది. ఋజువు కానినాడు మొదటి పెండ్లి నిలిచియే యుండును. రెండవది చెల్లకపోవుటయే కాక నేరము కూడ నగును. డబ్బిచ్చి ఇట్టి యాపదను కొనితెచ్చుకొనుట యేమి వివేకము?

విడాకుల మాట యెత్తుటయే అశాస్త్రీయమని ఆక్షేపించువారికి ఒక్కమాట. కౌటిల్యుని అర్థశాస్త్రమున దంపతులకు పరస్పరద్వేషము కలిగినపుడు విడుదల కలదు. ధర్మవివాహములు నాలుగింటికి మాత్రము లేదని ఆయనయే చెప్పినాడు. నారదపరాశరస్మృతులు భర్త జాడలేక పోవుట మొదలగు ఐదాపదలను పేర్కొన్నవి. మా చదువు ఆ వైపుది కావున ఇంకను చెప్పగలము; గాని కోర్టుఖర్చు సంగతికి చట్టమునే విప్పవలెను.

అందు పేదవారికి మొదటి యాధారము 24వ సెక్షను. దావా నడచుచుండగా, తన పోషణకును దావాఖర్చునకును చాలినంత రాబడి లేనివారు ఆ ఖర్చును ఎదుటిపక్షమునుండి యిప్పింపుమని అర్జీ పెట్టుకొనవచ్చును. భార్యయే కానక్కరలేదు, భర్తయు అడుగవచ్చును. ఇట్టి యర్జీని నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనని 2001 సవరణ చెప్పుచున్నది. భర్త భివండిలో నున్నాడని భార్య భివండికి పరుగెత్తనక్కరలేదు. 2003 సవరణవలన తాను నివసించుచోటనే దావా వేయవచ్చును. అతడు విలాసము మార్చుకొని దాగినను, కోర్టు అనుమతితో వార్తాపత్రికలో ప్రకటించి దావా సాగింపవచ్చును. కారణములేక విడిచిపెట్టి రెండేండ్లు నిండినచో అదియే విడాకులకు చాలిన హేతువు. ఏడేండ్లు వేచియుండవలెనని ఊళ్లలో అనుకొనుట పొరబాటు. ఆ యేడేండ్ల గడువు బ్రదికియున్నట్లు వార్తయే లేనివారి విషయమునకు.

ఎదుటివాడు ఇచ్చువరకు వకీలు నెట్లు పెట్టుకొనుట? దీనికి రెండవ యాధారము కలదు. 1976లో రాజ్యాంగమునందు 39ఎ అధికరణము చేరినది. దాని ననుసరించి 1987లో న్యాయసేవాధికారసంస్థల చట్టము పుట్టి, 1995 నవంబరు 9నుండి అమలునకు వచ్చినది. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీకి ఆదాయపరిమితి లేదు. ఆమె స్త్రీ యగుటయే అర్హత. దావాలో పస కలదని తోచిన చాలును. మజూరి ఎవరి పేర నున్నదో అక్కడ ఎవరును అడుగరాదు. మన పురుషులకు ఆదాయపరిమితి కలదు; అయినను తన రాబడిని గూర్చి అతడు ప్రమాణపూర్వకముగ వ్రాసియిచ్చిన అఫిడవిట్టునే చాలినదిగ గ్రహింపవచ్చును. వకీలు ఫీజు, కోర్టుఫీజు, సమనుల ఖర్చు, నకళ్ల ఖర్చు సంస్థయే భరించును. నియమింపబడిన వకీలు కక్షిదారునొద్ద ఒక్కరూపాయియు పుచ్చుకొనరాదు. అర్జీపై ఏడుదినములలోపల నిర్ణయము చేయవలెనని 2010 నిబంధనలు. వ్రాయనేరనివారికి అక్కడివారే వ్రాసిపెట్టుదురు. 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

పూర్వము గద్వాలనుండి యైనను, అచ్చంపేటనుండి యైనను జిల్లాసంస్థకు పోవలెనన్న మహబూబునగరమే గతి. 2016లో జిల్లాలు విడిపోయినవి; 2022 జూన్ 2వ తేదీన క్రొత్తజిల్లాలలోను జిల్లాకోర్టులు తెరువబడినవి. కావున దూరము కొంత తగ్గినది.

ఇరువురును సమ్మతించి ఒక సంవత్సరముగ వేరుగ నున్నచో, 1976లో చేరిన 13బి సెక్షను క్రింద ఉమ్మడి అర్జీ వేయుట అన్నిటికంటె చౌక. మొదటి అర్జీకిని తుదివిచారణకును నడుమ ఆరునెలల గడువును తగిన సందర్భమున కోర్టు తగ్గింపవచ్చునని 2017లో సుప్రీముకోర్టు తీర్పు. లోక్ అదాలతునందు భరణము, సామానుల తగవులు రాజీ కావచ్చును. విడాకుల డిక్రీ మాత్రము అక్కడ దొరకదు.

మేము సంసారములు తెగగొట్టుటకు వచ్చినవారము కాము. ముప్పదియేండ్లకు పైగా బడిలో నున్నవారము. తలిదండ్రుల పోరు పిల్లల పలకలమీద కనబడుట చూచియే యున్నాము. కలిపెడి సంసారమును పెద్దలు కలుపుడు. అందుకు ధరావతులేల? తప్పుదండుగలేల?

ఇక ప్రభుత్వ మియ్యనిది కొంత మిగులును. వాయిదాకు పోయిన దినమున మజూరి పోవును; పోవుటకు రాకకు బస్సుకిరాయి, తోడువచ్చు తండ్రికి భోజనము - ఇవి యేడాది పొడుగునను కలిసినచో పుస్తెలతాడు మరల కుదువకు పోవును. మన సంఘము పూనుకొనవలసినచోటు ఇదియే. ప్రతిశాఖయందును ఒక చిన్ననిధి, దానిని చూచుటకు ముగ్గురు, వారిలో ఇద్దరు స్త్రీలు. సహాయము పొందినవారి పేరు సంచికలో అచ్చువేయరాదు. మహారాజపోషకులు ఈ యేటి ఊరేగింపుఖర్చులో సగము దీనికి మరలించినను దేవునికి కోపము రాదని మా నమ్మకము.

ఆ కాగితము తెచ్చిన పిల్లకు ఇప్పుడు జిల్లాసంస్థ నియమించిన వకీలమ్మ కలదు. దావా నడచుచున్నది, నెలకొక వాయిదా. పెండ్లిమాట ఆగియే యున్నది. న్యాయసహాయపు అర్జీఫారములు కొన్ని తెచ్చితిమి. అవి కార్యదర్శిగారి బల్లమీద నున్నవి. కావలసినవారు సభ ముగియగనే తీసికొనవచ్చును. నింపుటకు మేము సాయంకాలమువరకు ఇక్కడనే యుందుము.