చర్మానికి అంటిన తలరంగు



పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే నెరిసిన తలలన్నీ నల్లబడతాయి. తలతోపాటు నుదురు, చెవులు, మెడ, వేళ్ళు కూడా నల్లబడతాయి. మా మామయ్య ఒకాయన బళ్ళారి జిల్లాలో ఉంటారు. కూతురి నిశ్చితార్థానికి ముందురోజు తలకు రంగు వేసుకున్నారు. నుదుటిమీద నల్లటి చార పడింది. సబ్బుతో తోమితే పోలేదు. ఎవరో చెప్పారని కిరసనాయిలుతో రుద్దారు. చార సగం పోయింది గానీ నుదురు మండి ఎర్రబడింది. తెల్లారేసరికి రెండు కనురెప్పలూ వాచిపోయాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ మరక ఎందుకంత మొండిదో చూద్దాం.

ఎక్కువకాలం నిలిచే తలరంగుల్లో చాలావాటిలో రెండు పదార్థాలుంటాయి. ఒకటి రంగు, రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండూ కలిశాకే నలుపు పుడుతుంది. వెంట్రుకలో జరిగే ఈ పనే చర్మం పైపొరలోనూ జరుగుతుంది. అందుకే ఆరిన మరక నీళ్ళకు లొంగదు. అయితే చర్మం పైపొర మృతకణాల పొర. అది రోజూ కొంచెం కొంచెంగా రాలిపోతూ ఉంటుంది. మీరు ఏమీ చేయకపోయినా కొద్దిరోజుల్లో మరక దానంతటదే పోతుంది. గోటికి అంటినది మాత్రం గోరు పెరిగేదాకా ఉండవచ్చు.

మరక పడకుండా చూసుకోవడమే అన్నిటికన్నా సులువు. రంగు వేసుకునే ముందు నుదుటి అంచున, చెవులపైన, మెడవెనుక కొబ్బరినూనె గానీ వాజలైన్ గానీ మందంగా రాయండి. వెంట్రుకలకు మాత్రం తగలనీయకండి, తగిలినచోట రంగు పట్టదు. పెట్టెలో ఇచ్చే చేతితొడుగులు పారేయకండి. తడిగుడ్డ పక్కనే ఉంచుకుని, రంగు చర్మానికి తగిలిన వెంటనే తుడవండి.

మరక ఆరిపోయిందా? కొబ్బరినూనె రాసి పది, పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత దూదితో మెల్లగా తుడిచి, సబ్బుతో గోరువెచ్చని నీళ్ళతో కడగండి. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్ళీ చేయండి. కిరసనాయిలు, పెట్రోలు, బట్టల బ్లీచింగు, గోళ్ళరంగు తుడిచే ద్రావకం ముఖానికి రాయకండి. ఇటుకముక్కతోనో, గిన్నెలు తోమే పీచుతోనో రుద్దకండి. చర్మం గీసుకుపోతే రంగు ఇంకా లోపలికి దిగుతుంది.

ఇప్పుడు మామయ్య సంగతి. కనురెప్పలు వాచినది కిరసనాయిలు వల్లనే అని ఇంట్లో అందరూ అన్నారు. చర్మవైద్యులు చూసి, నుదుటి మంట కిరసనాయిలుదే, రెప్పల వాపు మాత్రం రంగుది అన్నారు. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారాఫినిలీన్ డయామిన్ అనే పదార్థం కొందరికి పడదు. "పదేళ్ళుగా వేసుకుంటున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదే" అన్నారు మామయ్య. ఏళ్ళ తరబడి పడినది ఒకనాడు పడకుండా పోవచ్చు. ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడనట్టే లెక్క. మళ్ళీ వేసుకుంటే మరింత తీవ్రంగా రావచ్చు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. మరక దురద పెట్టదు. దురద, ఎర్రదనం, నీటిపొక్కులు, వాపు కనిపిస్తే అది మరక కాదు, జబ్బు. తలను బాగా కడిగేసి వైద్యుని చూడండి. ఊపిరి అందకపోతే క్షణం ఆలస్యం చేయకండి. ప్రతిసారీ రంగు వేసుకునే రెండురోజుల ముందు, పెట్టెమీద చెప్పినట్టుగా చెవివెనుక గానీ మోచేతి మడతలో గానీ చుక్క రాసి చూడండి. పెట్టెమీది భాష మీకు రాకపోతే బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోండి. కనుబొమలకు, రెప్పలకు ఈ రంగు వద్దు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

గోరింటాకు అంటే భయం లేదు కదా అంటారు. కన్నడిగులు మదరంగి అన్నా, తమిళులు మరుదాణి అన్నా ఆ ఆకు పండేది ఎరుపే. నల్ల గోరింటాకు అని అమ్మే పొడిలో చాలాసార్లు ఆ రసాయనమే కలిసి ఉంటుంది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. తలరంగు కడుపులోకి పోతే ప్రాణాంతకం. మెడ, గొంతు వాచి ఊపిరి ఆడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. వాంతి చేయించాలని, చిట్కాలు చేయాలని కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, రంగు పొట్లాన్ని కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి చేర్చండి. ఇంట్లో ఆ పొట్లాన్ని అద్దం దగ్గర వదలకండి, పిల్లలకు అందనిచోట తాళం వేసి ఉంచండి.

ఆ నిశ్చితార్థంలో మామయ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళినాటికి ఆయన తల తెల్లగానే ఉంది. పెళ్ళికూతురు తండ్రికి అదే అందం అన్నారు వియ్యాలవారు.