గత్తరను తరిమే పండుగ



ఆషాఢం వస్తే హైదరాబాదులో బోనాలు. ఆడవాళ్లు కుండలో అన్నం వండి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి అమ్మవారికి తీసుకుపోతారు. ముందు పోతురాజు కొరడా ఝళిపిస్తూ ఆడతాడు. ఆ దెబ్బకు దయ్యాలు పారిపోతాయని నమ్మకం.

1813లో గత్తర వచ్చి ఎందరో చనిపోయారట. అప్పటి మొక్కే సికింద్రాబాదు మహంకాళి బోనాలని పెద్దలు చెబుతారు. గత్తర ఎందుకొస్తుందో ఆనాటి జనానికి తెలియదు. 1884లో కాక్ అనే డాక్టరు కలకత్తాలో దాని క్రిమిని పట్టుకున్నాడు. మురికి నీళ్లే దాని ఇల్లు.

పోతురాజు ఏడాదికోసారి వస్తాడు. క్రిమి ఏ రోజైనా రావచ్చు. బోనం కుండలాగే మంచినీళ్ల బిందెనూ శుభ్రంగా కడగండి. నీళ్లు కాచి తాగండి. విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తూ ఆస్పత్రికి తీసుకుపొండి.

మీ ఇంటి పోతురాజులు మీరే!